కొత్త కారా, సెకండ్ హ్యాండ్ కారా? ముందు ఈ లెక్క వేసుకోండి

డబ్బున్నవాళ్లు కొత్త కారు కొంటారు, లేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌తో సరిపెట్టుకుంటారు. మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. చుట్టాల్లోనూ ఆఫీసులోనూ చాలామంది కార్లు కొనడం దగ్గర నుంచి చూశాక నాకు దీనికి దాదాపు ఉల్టాగా అనిపిస్తోంది. చేతిలో కాస్త డబ్బు, తిరిగి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు సెకండ్ హ్యాండ్ బాగా కలిసొస్తుంది. ఈఎంఐ కట్టాక నెలాఖరుకు ఏమీ మిగలని ఇంటికి మాత్రం చిన్నదైనా సరే కొత్త కారే మేలు.

ఎందుకంటున్నానో లెక్క వేసి చూద్దాం. ఎక్స్ షోరూమ్ ధర (ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) 7 లక్షలున్న ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అనుకోండి. 5 నుంచి 10 లక్షల మధ్య కార్లకు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ రాష్ట్రానికి ఒక్కసారే కట్టే లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 98 వేలు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. దానికి ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టానికి), జీరో డిప్రిసియేషన్ (క్లెయిమ్‌లో పార్టుల అరుగుదల కింద కోత లేకుండా) కలిపితే 35 నుంచి 40 వేల దాకా అవుతుంది. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, మ్యాట్లు, సీట్ కవర్లు అన్నీ కలిసి తాళాలు చేతికొచ్చేసరికి ఎనిమిదిన్నర లక్షలు. అదే మోడల్ నాలుగేళ్లది, ఫస్ట్ ఓనర్ చేతిలోది 4 లక్షల 75 వేలకు దొరికిందనుకుందాం. దాని లైఫ్ ట్యాక్స్ పాత ఓనరు ఎప్పుడో కట్టేశాడు. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్, నాలుగు టైర్లు, బ్యాటరీ, ఒక ఫుల్ సర్వీసు కలిపి ఇంకో 60 వేలు వేసుకోండి. మొత్తం 5 లక్షల 35 వేలు.

రెండు కార్లనూ ఐదేళ్లు వాడి అమ్మేశారనుకుందాం. కొత్తగా కొన్నది 4 లక్షల 20 వేలకు, తొమ్మిదేళ్ల వయసొచ్చిన రెండోది 2 లక్షల 30 వేలకు పోతే, కొత్త కారు మీద 4 లక్షల 30 వేలు, పాత దాని మీద 3 లక్షల 5 వేలు కరిగిపోయినట్టు. పాత కారుకు రిపేర్లు అదనంగా 75 వేలు అవుతాయనుకుంటే 3 లక్షల 80 వేలు. ఐదేళ్ల మీద తేడా 50 వేలు. నెలకు 830 రూపాయలు! సగం ధరకు కారొచ్చిందని సంబరపడేవాళ్లు ఎవరైనా ఈ లెక్క ఒకసారి చూడాలి.

డబ్బు మొత్తం చేతిలో ఉంటే కథ మారుతుంది. కొత్తది కొనకుండా మిగిల్చిన 3 లక్షల 15 వేలు ఐదేళ్లు బ్యాంకులో ఉంటే సుమారు లక్ష వడ్డీ వస్తుంది. అంటే సెకండ్ హ్యాండ్ వల్ల లాభం లక్షన్నర. అప్పు మీద కొంటే అంత రాదు. రెండింటికీ లక్షన్నర డౌన్ పేమెంట్ కట్టి మిగతాది ఐదేళ్ల లోన్ తీసుకున్నారనుకోండి. కొత్త కారుకు 7 లక్షల లోన్, 9 శాతం వడ్డీ అయితే ఈఎంఐ 14,531, మొత్తం వడ్డీ లక్షా 72 వేలు. పాత కార్లకు బ్యాంకులు ఎక్కువ వడ్డీ వేస్తాయి. 3 లక్షల 85 వేలకు 13 శాతం అనుకుంటే ఈఎంఐ 8,760, మొత్తం వడ్డీ లక్షా 40 వేలు. అప్పు దాదాపు సగమే అయినా వడ్డీ మాత్రం 30 వేలే తగ్గింది. ఐదేళ్లకు మిగిలేది 80 వేలు. గేర్‌బాక్సో ఏసీ కంప్రెసరో ఒక్కసారి మొరాయిస్తే అందులో సగం పైనే పోతుంది.

ఈఎంఐ నెలకు 5,800 దాకా తక్కువ పడుతుంది కదా అంటారు. నిజమే. అందులో రెండు మూడు వేలు ప్రతి నెలా రిపేర్ల కోసం విడిగా పెట్టగలిగితే సెకండ్ హ్యాండ్ మీకు పనికొస్తుంది. పెట్టలేకపోతే, ఈఎంఐ నడుస్తుండగానే 40 వేల బిల్లు వచ్చిన నెలలో క్రెడిట్ కార్డు తీయాల్సి వస్తుంది. కారు కొన్న ఆనందమంతా అక్కడే ఆవిరైపోతుంది. ఇలాంటి ఇళ్లకు నేను చెప్పేది, మనసు పడ్డ పెద్ద కారును సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మానేసి చిన్న కొత్త కారు తీసుకోండి. వారంటీ ఉన్నంతకాలం పెద్ద ఖర్చు మీ మీద పడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉండాలి. అంతకుముందు సెస్సు కాకుండానే 28 శాతం ఉండేది కాబట్టి చిన్న కార్లకు ఇది మంచి తేడానే. లోన్ మాత్రం ఏడేళ్లకు సాగదీయకండి. అదే 7 లక్షలకు ఏడేళ్లయితే వడ్డీ రెండున్నర లక్షలకు దగ్గరవుతుంది.

నా లెక్కలో అంకెలు ఊహించుకున్నవే. మీరు చూస్తున్న కారు ధరలు వేసి మళ్లీ లెక్క చూసుకోండి, ఫలితం మారవచ్చు. కొత్తది కొని పన్నెండేళ్లు వాడే ఇల్లయితే కొత్త కారే గెలుస్తుంది. డ్రైవింగ్ చేయి తిరిగేదాకా ఒకటి రెండేళ్లు వాడదామన్నా, ట్రాన్స్‌ఫర్ మీద మూడేళ్లు వేరే ఊళ్లో ఉండాలన్నా సెకండ్ హ్యాండ్‌ను మించింది లేదు.

ఎన్నేళ్ల కారు కొనాలి?

ఇన్సూరెన్స్ కంపెనీలు కారు విలువను ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తగ్గించి కడతాయి. మార్కెట్ ఈ పట్టికను పాటించదు. డిమాండ్ ఉన్న మోడళ్లు అంత తొందరగా పడవు. అందుకే ఏడాది, రెండేళ్ల పాత కార్లు నాకు నచ్చవు. కొత్తదానికీ వాటికీ ధరలో తేడా తక్కువ, జీఎస్టీ తగ్గాక ఆ తేడా ఇంకా సన్నబడింది. పైగా ఏడాదికే కారు అమ్ముతున్నారంటే ఎందుకో గట్టిగా అడగాల్సిందే. మూడు నుంచి ఐదేళ్ల మధ్య కారు చూడండి. అందరూ ఎగబడే మోడల్ కాకుండా, అదే కంపెనీలో కాస్త తక్కువ అమ్ముడుపోయే మోడల్ తీసుకుంటే సర్వీసుకు ఇబ్బంది ఉండదు, ధర మాత్రం బాగా దిగుతుంది. ముఖ్యంగా సెడాన్లు. ఇప్పుడందరి చూపూ ఎస్‌యూవీల మీదే ఉంది కాబట్టి మంచి సెడాన్లు తక్కువకు దొరుకుతున్నాయి.

సంవత్సరం చూడటానికి ఇంకో కారణం ఉంది. నాకు డబ్బు కంటే ఇదే ముఖ్యం. మన దేశంలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ రిమైండర్, వెనక పార్కింగ్ సెన్సర్లు 2019 జూలైలో వచ్చాయి. ముందు సీట్లో రెండో ఎయిర్‌బ్యాగ్ అన్ని మోడళ్లకూ తప్పనిసరి అయ్యేసరికి 2021 ముగిసింది. అంతకుముందు వచ్చిన తక్కువ వేరియంట్లలో చాలావాటికి ఇవేవీ లేవు. రెండు లక్షలకు 2015 మోడల్ బేస్ వేరియంట్ వస్తోందని, అందులో పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద విజయవాడ, తిరుపతి తిరుగుతామంటే నేను వద్దనే అంటాను. బడ్జెట్ అంతే అయితే పెద్ద కారు వద్దు, మోడల్ చిన్నదైనా 2020 తర్వాతిది వెతకండి. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మినవన్నీ బీఎస్6 (పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణాల) కార్లు కూడా.

పెట్రోల్ బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దానికి తగ్గట్టు చేసినవే. అంతకు పాతవి కొంటే ఆ మోడల్ గురించి కంపెనీ ఏం చెబుతోందో సర్వీస్ సెంటర్లో అడగండి. మైలేజీ కొంత తగ్గుతుందని ముందే లెక్కలో వేసుకోండి. డీజిల్ గురించి ఒక్క మాట: రోజూ ఊళ్లో ఐదారు కిలోమీటర్లే తిరిగేవాళ్లు బీఎస్6 డీజిల్ జోలికి వెళ్లకండి, పొగ ఫిల్టర్ మూసుకుపోయి మళ్లీ మళ్లీ షెడ్డుకు తిప్పుతుంది.

ఎలక్ట్రిక్ అయితే తెలంగాణలో కొత్తదే నయం. 2026 డిసెంబర్ 31 దాకా లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ కాబట్టి, సెకండ్ హ్యాండ్‌కున్న పెద్ద లాభం ఇక్కడ ఉండదు. వాడిన ఎలక్ట్రిక్ కారు కొనాల్సే వస్తే బ్యాటరీ వారంటీ రెండో ఓనరుకు బదిలీ అవుతుందో లేదో కాగితం మీద చూసుకున్నాకే డబ్బివ్వండి.

నీళ్లలో మునిగిన కార్లు

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో చెన్నై, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిపోయాయి. ఇంజిన్ దాకా నీళ్లు పట్టిన కార్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ (బాగుచేయడం దండగని బీమా విలువ మొత్తం) ఇచ్చేస్తాయి. ఆ బండ్లను తక్కువకు కొని, కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి ఇంకో ఊళ్లో అమ్మేవాళ్లుంటారు. చూడటానికి మెరిసిపోతుంది. ఆరు నెలలకు వైరింగ్ తుప్పు పట్టి ఒక్కో సెన్సరూ పోవడం మొదలవుతుంది. దాన్ని బాగుచేయడం ఏ మెకానిక్ వల్లా కాదు, ఖర్చు మాత్రం ఆగదు.

కనిపెట్టడం అంత కష్టం కాదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా పూర్తిగా లాగండి, బురద నీటి మరక ఉంటే అక్కడ దాక్కుని ఉంటుంది. ముందు సీట్లు వెనక్కి జరిపి పట్టాల మీద, బోల్టుల మీద తుప్పు ఉందేమో చూడండి. స్టెప్నీ టైరు తీసి ఆ గుంటలో చేయి పెట్టండి. కార్పెట్ ఒక మూల లేపి వాసన చూడండి. లోపల పర్‌ఫ్యూమ్ ఘాటుగా కొడుతోందంటే అనుమానించాల్సిందే. హెడ్‌లైట్ అద్దం లోపల ఆవిరి, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ పొర కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా అక్కడి నుంచి వచ్చేయండి.

మీటర్ తిప్పడం ఇంకా మామూలైపోయింది. 80 వేల కిలోమీటర్లు తిరిగిన బండి 35 వేలు చూపిస్తుంది. మీటర్ను నమ్మకండి, కంపెనీ సర్వీస్ సెంటర్లో ఆ బండి సర్వీస్ హిస్టరీ తీయించండి. ఓనరు పక్కనుంటే రిజిస్ట్రేషన్ నంబరు మీదే చెబుతారు. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో, బాడీ పనులు ఏమేం జరిగాయో అందులో ఉంటుంది. హిస్టరీ మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంటే, ఆ రెండేళ్లు బయట షెడ్డులో చేయించామన్నా బిల్లులు అడగండి. స్టీరింగ్ నున్నగా అరిగిపోయి, క్లచ్ పెడల్ రబ్బరు ఊడిపోయి, మీటర్ మాత్రం 30 వేలు అంటుంటే మీకే అర్థమవుతుంది. టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2321 అంటే 2021లో 23వ వారం. తక్కువ తిరిగిందంటున్న బండికి అప్పుడే రెండో సెట్ టైర్లు ఉన్నాయంటే తేడా ఉన్నట్టే.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరొచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజిన్ నిజం చెబుతుంది. తెలిసిన మెకానిక్‌ను తప్పకుండా తీసుకెళ్లండి, ఆయన సమయానికి డబ్బిచ్చి తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. బానెట్ బోల్టుల మీద పానా గీతలు, తలుపుల రబ్బరు బీడింగ్ లాగితే కింద కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమానంగా ఉన్నాయా లేదా, నాలుగు అద్దాల మీదా ఒకే సంవత్సరం ఉందా అన్నవి ఆయన చూస్తాడు. బంపర్‌కి రంగు వేశారంటే పెద్ద విషయం కాదు, మన రోడ్ల మీద గీత పడని కారుండదు. పిల్లర్ల (పైకప్పును మోసే స్తంభాల) మీద, ఇంజిన్ పక్కన ఏప్రాన్ (లోపలి బాడీ రేకు) మీద పని జరిగితే మాత్రం ఆ బండి పెద్ద యాక్సిడెంట్ చూసిందని అర్థం.

ఎవరి దగ్గర కొనాలి

నా వరస ఇది: తెలిసినవాళ్ల ఫస్ట్ ఓనర్ కారు, ఆ తర్వాత నేరుగా తెలియని ఓనరు దగ్గర, ఆ తర్వాత కంపెనీలు సొంతంగా నడిపే పాత కార్ల షోరూములు. బ్రోకర్ దగ్గరకు చివర్లో వెళ్లండి. షోరూముల్లో రేటు ఎక్కువే, కానీ కొన్నింటిలో ఏడాది వారంటీ ఇస్తారు, కాగితాలు వాళ్లే చూసుకుంటారు. టైము లేనివాళ్లు ఆ తేడా కట్టడం తప్పేమీ కాదు.

తెలిసినవాళ్ల దగ్గర మరో సమస్య ఉంది, మొహమాటం. బావగారి కారు కదా, మెకానిక్‌ను తీసుకెళ్తే ఏమనుకుంటారో అని చూడకుండా కొనేస్తారు. తర్వాత ఏదైనా తేలితే కారూ పోతుంది, చుట్టరికమూ చెడుతుంది. ముందే చెప్పేయండి: "బావా, లోన్ కోసం బ్యాంకు ఎలాగూ చూస్తుంది, మన మెకానిక్‌కి కూడా ఒకసారి చూపించుకుంటాను." నిజాయతీగా అమ్మేవాళ్లెవరూ దీనికి నొచ్చుకోరు.

ఢిల్లీ కార్ల విషయంలో జాగ్రత్త. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో పెద్ద పెద్ద డీజిల్ ఎస్‌యూవీలు చవగ్గా వచ్చి హైదరాబాద్‌లో అమ్ముడుపోతున్నాయి. ధర చూసి మురిసిపోకండి. అక్కడి ఆర్టీఓ (రవాణా ఆఫీసు) నుంచి అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, కారు వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇవన్నీ కలిపి ఇక్కడి బండి ధరతో పోల్చండి, చాలాసార్లు తేడా మిగలదు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు కట్టడం అసలే వద్దు.

పదేళ్లు దాటిన ఏ కారుకైనా ఇంకో ఖర్చు గుర్తు పెట్టుకోండి. సొంత కారు ఆర్‌సీ పదిహేనేళ్లే చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో దీని ఫీజు 5,000 అయింది, అంతకుముందు 600 ఉండేది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

కొత్తది కొనేవాళ్లకు చెప్పాల్సింది తక్కువే. ఆషాఢంలో షోరూములు ఖాళీగా ఉంటాయి, బేరం బాగా తెగుతుంది. అప్పుడే బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకోవచ్చు. డిసెంబర్ ఆఫర్లు పెద్దవే, కానీ తర్వాత అమ్మేటప్పుడు కారు ఆ పాత సంవత్సరం మోడల్ కిందే లెక్క. ఎక్కువకాలం వాడేవాళ్లు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలన్న రూలు లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. హ్యాండ్లింగ్ ఛార్జీలంటూ బిల్లులో ఏదైనా కలిపితే తీసేయమని అడగండి. దసరా ముహూర్తం హడావిడిలో కారు చూసుకోకుండా కొబ్బరికాయ కొట్టేయకండి. ముందురోజే యార్డుకు వెళ్లి రంగు, టైర్లు, మీటరు, ఛాసిస్ నంబరు మీద తయారైన నెల చూసుకోండి.

ఇక పాత కారు కాగితాలు. బయానా ఇవ్వకముందే కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది చూడండి. చలాన్లు కూడా అప్పుడే చూడండి, హైదరాబాద్ బండ్ల మీద వేలకు వేలు పేరుకుపోయి ఉంటాయి. ట్యాక్సీగా తిరిగి వైట్ ప్లేట్‌కి మారిన బండేమో ఆర్‌సీ వివరాల్లో చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫామ్ 35 (లోన్ తీరిందని ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించేది) కావాలి. పేరు మార్పిడికి ఫామ్ 29, ఫామ్ 30. కారు చేతులు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదకు మార్పించుకోండి. థర్డ్ పార్టీ వరకు దానంతట అదే మారుతుంది గానీ, మీ కారుకు దెబ్బ తగిలితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనదే, అది కారుతోపాటు మీకు రాదు.

తేదీ వేయకుండా ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని "తర్వాత మార్పించుకుంటాం లెండి" అనడం మన దగ్గర బాగా అలవాటు. కొనేవాళ్లకే కాదు, పాత కారు అమ్ముతున్నవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కారు ఇచ్చిన తేదీ, టైముతో డెలివరీ కాగితం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అమ్మినవాళ్లు తమ ఫాస్టాగ్ ఆ రోజే మూసేయించాలి. కొనేవాళ్లు మొత్తం డబ్బులో ఒక 20 వేలు ఆపి, ఆర్‌సీ తమ పేరు మీదకు వచ్చాక ఇస్తామని ముందే మాట్లాడుకుని, ఆ మాట కూడా అదే కాగితం మీద రాయించుకోండి.